నేను చూడని వంటిల్లు

సిరియాలోని హోమ్స్ నగరానికి నేను ఎన్నడూ వెళ్లలేదు. అయినా అక్కడి ఒక వంటింట్లో గ్యాస్ బండ ఏ మూల ఉండేదో, కిటికీ ఎటు తెరుచుకునేదో నాకు కలలో తెలిసేది. నిద్రలో ఆ కిటికీ పగిలేది. నేను పళ్లు బిగబట్టి లేచేదాన్ని.

జోర్డాన్‌లోని మఫ్రక్‌లో సిరియా శరణార్థులకు మానసిక చికిత్స చేసే బృందంలో నేను సైకాలజిస్టును. 2012లో వెలసిన జాతరి శిబిరం ఆ ఊరికి దగ్గరే. మేం చేసేది ఎక్కువగా నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ. నేల మీద ఒక తాడు పరుస్తాం. పుట్టినప్పటి నుంచి నేటిదాకా నడిచిన బతుకు అది. మంచి జరిగినచోట పువ్వు, చెడు జరిగినచోట రాయి పెడతారు. ఒకామె అన్నిటికంటే పెద్ద రాయి ఏరుకుని పెట్టి, దాన్ని ఆనించి ఒక పువ్వు ఉంచింది. ఇల్లు కూలిన వారంలోనే ఆమెకు పాప పుట్టింది.

ప్రతి రాయి దగ్గరా ఆగి అడుగుతాం. ఎక్కడ నిలబడి ఉన్నారు? ఏం వినిపించింది? ఏ వాసన వచ్చింది? భయం నిండిన జ్ఞాపకానికి ఊరూ తేదీ అంటవు. అందుకే అది ఇప్పుడే జరుగుతున్నట్టు మీదపడుతుంది. నెమ్మదిగా చెప్పించి, ఎప్పుడు ఎక్కడ జరిగిందో దానికి జతచేస్తే బాధ తగ్గుతుంది. చెప్పిందంతా రాసి తర్వాతి సారి చదివి వినిపిస్తాం. చివరికి ఆ రాతప్రతి వారికే ఇస్తాం. ఈ పద్ధతి మీద నాకు అప్పుడూ ఇప్పుడూ గట్టి నమ్మకం ఉంది. అయితే అంత వివరంగా అడిగేవాళ్లు అంత వివరంగా వినాలి కూడా.

మొదట నాకు నిద్ర కరువైంది. తర్వాత, ఒక తండ్రి ఏడుస్తూ చెబుతుంటే నాలో ఏమీ కదలలేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. సెలవుకు హైదరాబాదు వచ్చినప్పుడు బేగంపేట వైపు హెలికాప్టర్ చప్పుడు వినబడగానే అక్క చెయ్యి పట్టి మెట్ల కిందికి లాగాను. సిరియా యుద్ధంలో బ్యారెల్ బాంబులు, అంటే పేలుడు పదార్థం కుక్కిన పీపాలు, వేసింది హెలికాప్టర్ల నుంచే. "ఏమైందే నీకు?" అని అక్క బెదిరిపోయింది. మర్నాడు తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

వృత్తిరీత్యా ఇలాంటి వివరాలు పదేపదే వినడం కూడా పీటీఎస్‌డీకి, అంటే ఘోర అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్యకు, కారణం కావచ్చని అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ధారణ గ్రంథం, 2013 నాటి డీఎస్‌ఎం-5, గుర్తించింది. డాక్టరు ఆ మాట చెప్పాక నా గుండె కాస్త తేలికపడింది. కుంగుబాటుకూ పీటీఎస్‌డీకీ వాడే సెర్ట్రలిన్ అనే మందు రాశారు. తొలి రోజుల్లో వికారం, నిద్రలేమి ఇంకా ముదిరాయి. తర్వాత కుదుటపడింది.

థెరపిస్టు నా ముందూ తాడు పరిచారు. ఆ వంటింటి కోసం రాయి తీస్తే, "మీరు అప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగారు. మఫ్రక్ గదిలో. ప్లాస్టిక్ కుర్చీ, కిరోసిన్ హీటరు వాసన, పక్కన దుబాసీ తగ్గు గొంతు. నేను విన్న చోటు చెప్పుకుంటూ పోయేకొద్దీ కల పలచబడింది. నిద్ర మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

తిరిగి పనిలో చేరేటప్పుడు రెండు కోరాను: రోజుకు తక్కువ కేసులు, వారం వారం తప్పనిసరి సూపర్‌విజన్, అంటే విన్న కేసుల గురించీ వాటి బరువు గురించీ సీనియర్‌తో మాట్లాడుకునే గంట. ఆ సూపర్‌విజన్‌లో దుబాసీలూ కూర్చోవాలన్నాను. వారిలో చాలామంది దక్షిణ సిరియాలోని దరా నుంచి వచ్చిన శరణార్థులే. ప్రతి కథనూ నాకంటే ముందు వినేది వారే, తమ నోటితో "నేను" అంటూ చెప్పేదీ వారే. ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ గంటలో ముందుగా మాట్లాడేది వాళ్లు.