వారాంతపు ఊరి ఇల్లు: తాళం తీశాక, వేసే ముందు

వసంతం నుంచి వేసవి చివరిదాకా ఇంటిల్లిపాదీ శని, ఆదివారాలే గడిపే ఇంట్లో అడుగుపెట్టగానే కిటికీలన్నీ తెరవాలి. కుళాయిలు ఐదు నిమిషాలు వదిలేయండి. పైపుల్లో వారమంతా నిలవున్న నీళ్లు తాగొద్దు. బావి మోటారు తిరుగుతున్నా నీళ్లు ఎక్కకపోతే చాలాసార్లు తప్పు ఫుట్‌వాల్వ్‌ది (బావిలో పైపు అడుగున, నీళ్లు వెనక్కి జారకుండా ఆపే మూత): నలక ఇరుక్కుంటే పైపులో నీళ్లు కిందికి జారిపోతాయి. వెంటనే ఆపి, పైపు నిండా నీళ్లు పోసి మళ్లీ వేయాలి. వట్టిగా తిరిగితే సీలు పాడవుతుంది.

బాత్రూంలో కంపు కొడుతోందంటే జాలీ కింద ట్రాప్‌లో (నీళ్లు నిలిచి మురుగు వాసనను అడ్డుకునే గుంటలో) నీళ్లు ఆవిరైపోయాయన్నమాట. వెళ్లేముందు చెంబెడు నీళ్లు, పైన రెండు చెంచాల వంటనూనె పోస్తే త్వరగా ఆరవు. బయల్దేరే హడావుడిలో మరిచేది ఇదే, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమూ ఇదే. ఫ్రిజ్ ఆపేస్తే తలుపు ఓరగా ఉంచండి, మూస్తే లోపలంతా బూజు.