కొండపల్లి శేషగిరిరావు గారి బండలు

మా బడిలో ప్రకృతి దృశ్యం గీయమంటే అందరి కాగితాల మీదా ఒకే బొమ్మ కనిపించేది: కోసుగా ఉన్న రెండు కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, పక్కన ఒక కొబ్బరిచెట్టు. హనుమకొండ పిల్లలమైన మేము రోజూ చూసేది మాత్రం పద్మాక్షి గుట్టను. దానికి కోసు లేదు. ఉన్నవన్నీ గుండ్రటి బండలే. కొబ్బరిచెట్టు సంగతి సరే, తాటిచెట్టును గీయవచ్చునని కూడా మాకు తోచలేదు.

బండలనే చిత్రవస్తువుగా తీసుకున్న చిత్రకారుడు మా ప్రాంతంవాడేనని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. కొండపల్లి శేషగిరిరావు గారు 1924లో పెనుగొండలో జన్మించారు. కేసముద్రం దగ్గరి ఆ ఊరు అప్పట్లో వరంగల్ జిల్లాలోది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద శిక్షణ పొంది, తిరిగివచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో ఏళ్ల తరబడి బోధించారు. 2012లో కన్నుమూశారు. తెలుగుతల్లి చిత్రం వేసినవారనగానే జనం ఆయనను గుర్తుపడతారు. శకుంతల చిత్రాన్ని తలచుకునేవారూ ఉన్నారు. దక్కను బండలను వేసిన శేషగిరిరావు గారిని గురించి మాట్లాడేవారు తక్కువ కావడం నాకు వెలితిగానే ఉంటుంది.

ఎందుకంటే బండను వేయడం సులభం కాదు. మన నేల కింది గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. దాని పగుళ్లలోకి నీరు దిగి, రెండు మూడు వైపుల నుంచి ఒకేసారి దెబ్బతినే మూలలు ముందుగా అరిగిపోవడం వల్ల ఆ రాయి గుండ్లుగా మారుతుంది. అంచు ఎక్కడ మొదలవుతుందో తెలియని ఆ గుండ్రదనాన్ని గీతతో పట్టుకోలేము, వెలుగునీడలతోనే రాబట్టాలి. పైగా దూరం నుంచి బూడిదరంగుగా కనిపించే బండలో దగ్గరికి వెళితే గులాబి ఛాయ, వాన నీరు జారిన నల్లని చారలు, ఎండిన పాచి మరకలు కనిపిస్తాయి.

నిరుడు ఖిలా వరంగల్‌లో ఏకశిల గుట్ట ఎదుట నీటిరంగులతో కూర్చున్నాను. ఓరుగల్లు అన్న పేరుకే మూలమైన రాయి కదా, దానితోనే మొదలుపెడదామనుకున్నాను (కాగితం మాత్రం చవకది కొన్నాను, అది నా తప్పే). మూడో పూతకే కాగితం పొట్టు లేచింది. వెనుక నిలబడి చూస్తున్న ఒక పిల్లవాడు "సార్, సూర్యుణ్ని ఎప్పుడేస్తరు?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోగా గుట్ట మీది నీడ జరిగిపోయింది. అంతదాకా కష్టపడి వేసిన నల్లచార ఇప్పుడు ఎండలో ఉంది.