నాన్న షష్టిపూర్తి వీడియో: ఒక బ్లూ-రే ఇక్కడికి, ఒక డీవీడీ తెనాలికి, ఇంకోటి డాలస్‌కి

మా నాన్న షష్టిపూర్తిని 2012లో మావయ్య తన హెచ్‌డీ క్యామ్‌కార్డర్‌తో తీశారు. ఆ ఫైళ్లు అప్పటినుంచీ హార్డ్ డిస్క్‌లోనే పడి ఉన్నాయి. రికార్డబుల్ బ్లూ-రే డిస్కుల తయారీని పానసోనిక్ 2023లో ఆపేసింది, 2025 ఫిబ్రవరిలో సోనీ కూడా ఆపేసింది. ఆ వార్త చూశాక, చేస్తే ఇప్పుడే చేయాలి అనిపించింది. "లింకు పంపితే అయిపోయేదానికి ఇంత తతంగమా?" అంది మా ఆవిడ. నాన్నకి లింకు తెరవడం రాక కాదు. మధ్యలో ఫోన్ మోగకుండా, పెద్ద టీవీలో, మొదటినుంచి చివరిదాకా చూడాలని ఆయన కోరిక.

డిస్కులు ముగ్గురికి కావాలి. నాన్న దగ్గర బ్లూ-రే ప్లేయర్ ఉంది. తెనాలిలో పిన్నీ బాబాయిలది పాత డీవీడీ ప్లేయర్. డాలస్‌లో అక్క వాళ్లకీ బ్లూ-రే ఉంది గానీ అది అమెరికాలో కొన్నది. ఒకే సెట్టింగ్‌తో మూడూ లాగించేయవచ్చు అనుకునేవాళ్లు ఈ చివరి ముక్క గుర్తు పెట్టుకోండి, దాని దగ్గరికే వస్తాను.

ముందు అసలు ఫైల్‌లో ఏముందో మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూశాను. 1920×1080 సైజు, 50ఐ, హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియో, సుమారు 17 ఎంబీపీఎస్ (సెకనుకు 17 మెగాబిట్లు, దీన్నే బిట్‌రేట్ అంటారు), ఏసీ3 ఆడియో. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది 50ఐ. సెకనుకు 25 ఫ్రేములే, కానీ ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు: పైనుంచి ఒక గీత విడిచి ఒక గీత ఒక ఫీల్డు, మధ్యలో మిగిలిన గీతలు రెండో ఫీల్డు. ఈ రెండూ ఒకే క్షణంలో తీసినవి కావు. అంటే సెకనులో 50 క్షణాల కదలిక అందులో ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూసీచూడకుండా 'ప్రోగ్రెసివ్' (ఫీల్డులు లేని పూర్తి ఫ్రేములు) అని టిక్ పెడితే అందులో సగం పోతుంది, లేదా చేతులు కదిలిన చోట అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. అందుకే ప్రాజెక్ట్‌ని ఇంటర్‌లేస్డ్‌గా (ఫీల్డులు ఫీల్డులుగానే), టాప్ ఫీల్డ్ ఫస్ట్‌గా (పై గీత ఉన్న ఫీల్డు ముందు) పెట్టాను. పాత మినీ డీవీ టేపుల వీడియో అయితే ఇది తిరగబడి బాటమ్ ఫీల్డ్ ఫస్ట్ అవుతుంది. తప్పు పెడితే నడుస్తున్న మనిషి ముందుకీ వెనక్కీ వణుకుతున్నట్టు కనిపిస్తాడు.

ఇంకో సంగతి. కెమెరా పొడుగాటి రికార్డింగ్‌ని ముక్కలు ముక్కలుగా సేవ్ చేస్తుంది. ఆ ముక్కల్ని అలాగే టైమ్‌లైన్ మీద పేర్చితే అతుకు దగ్గర ఆడియో చిటుక్కుమంటుంది, అదీ సరిగ్గా మంత్రం మధ్యలో. కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో వాటిని ముందే ఒక్కటి చేసుకున్నాను.

నాన్న డిస్క్ తేలికే. బ్లూ-రే ప్రమాణంలో 1080ఐ 50 ఉంది కాబట్టి మార్చాల్సిందేమీ లేదు, తేలాల్సింది బిట్‌రేట్ ఒక్కటే. బ్లూ-రేలో వీడియోకి 40 ఎంబీపీఎస్ దాకా వెళ్లవచ్చు, చాలామంది అక్కడికే లాగుతారు. 17 ఎంబీపీఎస్‌లో తీసిన దాన్ని 40లో దాచినంత మాత్రాన కొత్త వివరమేమీ పుట్టదు. అలాగని సరిగ్గా 17కే కట్టేస్తే, రెండోసారి కుదించినందుకు ఎంతో కొంత నష్టం తప్పదు. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడానికి నేను వాడింది అక్షింతల సీను.

మాంగల్యధారణ అయ్యాక అందరూ ఒక్కసారిగా అక్షింతలు వేసే ఆ అర నిమిషం కంటే ఎన్‌కోడర్‌ని, అంటే వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్‌ని, కష్టపెట్టేది ఇంకేదీ లేదు. వందల పసుపు గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి, వెనకాల హోమం పొగ. ముందు ఫ్రేములోంచి తెచ్చుకుని పని గడుపుకుందామంటే ఎన్‌కోడర్‌కి అక్కడ ఏదీ నిలకడగా ఉండదు. పంతులుగారు కూర్చుని మంత్రం చదివే సీనుతో పరీక్షిస్తే ఏ సెట్టింగ్ అయినా బాగానే కనిపిస్తుంది. అందుకే ఆ అర నిమిషాన్నే కత్తిరించి 12, 16, 20, 24 ఎంబీపీఎస్‌లలో తీసి టీవీలో పక్కపక్కన చూశాను. 12లో గింజలు కలిసిపోయి పసుపు ముద్దలా అయ్యాయి. 16లో పొగలో గళ్లు కనిపించాయి. 20 దాటాక సోఫాలో కూర్చుని అసలుకీ దీనికీ తేడా చెప్పలేకపోయాను.

సగటు 22, గరిష్ఠం 35, టూ-పాస్ అని పెట్టాను. టూ-పాస్ అంటే మొదటిసారి వీడియో అంతా చూసి, రెండోసారి కష్టమైన చోట ఎక్కువ బిట్లు, తేలికైన చోట తక్కువ బిట్లు పంచుతుంది. సైజు కూడా ముందే తెలుస్తుంది. నాణ్యత ఒక్కటే ఖాయం చేసి సైజుని వదిలేసే సీఆర్‌ఎఫ్ పద్ధతి కంప్యూటర్‌లో దాచుకునే ఫైళ్లకి బాగుంటుంది, కొలత ఖాయంగా ఉన్న డిస్కుకి కాదు. లెక్క చూడండి: వీడియో 2 గంటలు, అంటే 7200 సెకన్లు, దాన్ని 22తో గుణించి 8తో భాగిస్తే 19.8 జీబీ. ఆడియో, ప్యాకింగ్ కలిపినా 21 దగ్గర ఆగుతుంది. 25 జీబీ డిస్క్‌ని విండోస్ 23.3 అని చూపిస్తే కంగారు పడకండి, అది 1024తో భాగించే లెక్క.

ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌లో బ్లూ-రే కంపాటిబిలిటీ ఆప్షన్ వేసి, లెవెల్ 4.1 పెట్టి, కీ ఫ్రేము (ముందు ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి ఫ్రేము) సెకనుకోటి ఉండేలా చూశాను. ఇవి లేకపోయినా ఫైల్ కంప్యూటర్‌లో చక్కగా ఆడుతుంది, ప్లేయరే మొరాయించవచ్చు. టీఎస్‌మక్సర్ అనే సాఫ్ట్‌వేర్‌తో, మళ్లీ ఎన్‌కోడ్ కాకుండా, బ్లూ-రే ప్లేయర్ చదివే బీడీఎంవీ ఫోల్డర్ తయారైంది. మెనూ రాదు, చాప్టర్లు వస్తాయి. నాన్నకి మెనూ అక్కర్లేదు. డిస్క్ రాసే ఇమ్‌గ్‌బర్న్‌లో యూడీఎఫ్ 2.50 ఫైల్ సిస్టమ్ ఎంచుకుని ముందు బీడీ-ఆర్ఈ మీద, అంటే చెరిపి మళ్లీ రాసే డిస్క్ మీద, ఎక్కించి ఆయన ప్లేయర్‌లోనే చూశాను. అది ఆడాకే అసలు డిస్క్ మీద 4ఎక్స్ వేగంలో, వెరిఫై టిక్ పెట్టి. బర్న్‌కి పాతిక నిమిషాల లోపు, వెరిఫైకి మళ్లీ అంత. ఖాళీ డిస్కులు కొనేటప్పుడు ఎల్‌టీహెచ్ అని ఉన్నవి వదిలేశాను, పాత ప్లేయర్లు కొన్ని వాటిని చదవవు.

తెనాలి డీవీడీకి ఎక్కువ పని పట్టింది. డీవీడీ అంటే 720×576, ఎంపెగ్-2, వీడియోకి గరిష్ఠం 9.8 ఎంబీపీఎస్. 1080ఐని తిన్నగా 576కి కుదిస్తే రెండు ఫీల్డుల గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కదలిక అలుక్కుపోతుంది. అందుకని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఫీల్డుల్ని ఫ్రేములుగా మార్చే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్‌తో ముందు సెకనుకు 50 పూర్తి ఫ్రేములు చేసి, వాటిని కుదించి, మళ్లీ ఇంటర్‌లేస్ చేశాను. హెచ్‌డీ రంగుల లెక్క రెక్.709, డీవీడీది 601. అది మార్చకపోతే ఎరుపులు, ఆకుపచ్చలు కాస్త పక్కకు జరుగుతాయి. అమ్మ పట్టుచీర రంగు మారితే పిన్ని ఊరుకోదు, చీర కొన్నది ఆవిడే. తెర 16:9 అని ప్లేయర్‌కి చెప్పే ఫ్లాగ్ మర్చిపోతే అందరూ సన్నగా, పొడుగ్గా సాగుతారు.

రెండు గంటలూ ఒకే 4.7 జీబీ డిస్కులో పడాలంటే వీడియోకి 4.8 ఎంబీపీఎస్ మించి రాదు. మళ్లీ అక్షింతలే జవాబు చెప్పాయి: సీను నిండా గళ్లు. మాంగల్యధారణకి ముందు విరగ్గొట్టి రెండు డిస్కులు చేశాను, ఒక్కోటి గంట, సగటు 7.5, గరిష్ఠం 8. పై హద్దు దాకా పోలేదు, బర్న్ చేసిన డిస్కుల మీద పాత ప్లేయర్లు అక్కడ తడబడతాయి.

ఇక డాలస్.

"అక్కా, మీ ప్లేయర్ మోడల్ నంబర్ ఫొటో తీసి పంపు."

"ఎందుకురా? రీజియన్ కోడా?"

మన చేత్తో బర్న్ చేసుకున్న డిస్కుకి, ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో కట్టేసే ఆ రీజియన్ గొడవ ఉండదు, చిక్కు 50తోనే. అమెరికాలో వీడియో అంతా సెకనుకు 60, 24ల (కచ్చితంగా చెప్పాలంటే 59.94, 23.976) మీద నడుస్తుంది. అక్కడ అమ్మే ప్లేయర్లు చాలావాటికి 50ఐ డిస్క్ పెడితే ఆడవు. అక్క పంపిన మోడల్ మాన్యువల్‌లో 50 హెర్ట్జ్ మాటే లేదు.

దారులు రెండే. 50ని 59.94కి పెంచడం ఒకటి: మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. చూస్తే డోలు వాయించే చేతులు మైనంలా కరిగిపోయాయి. రెండోది, 25 ఫ్రేములుగా చేసి 23.976కి నెమ్మది చేయడం. కదలిక నునుపు తగ్గింది, కానీ ఉన్న ఫ్రేములన్నీ నిజమైనవి. నేను దీనికే మొగ్గాను. 2 గంటల వీడియో 2 గంటల 5 నిమిషాలైంది. ఆడియోని అలాగే సాగదీస్తే సన్నాయి శ్రుతి దిగిపోతుంది, బావగారు వయొలిన్ నేర్చుకున్న మనిషి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఏటెంపో ఫిల్టర్ శ్రుతి కదలకుండా వేగం ఒక్కటే తగ్గిస్తుంది. డిస్క్ అందాక అక్క ఆడింది అని మెసేజ్ పెట్టింది. బావగారు శ్రుతి గురించి ఏమీ అనలేదు, అది నాకు చాలు.

ఇప్పుడు పిన్ని కొడుకు పెన్‌డ్రైవ్‌లో కావాలంటున్నాడు. టీవీ పెన్‌డ్రైవ్ ఫార్మాట్లలో ఫ్యాట్32 ఒక్కటే చదివితే ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు, రెండు గంటల వీడియోకి అంటే బిట్‌రేట్ 4 ఎంబీపీఎస్ పైచిలుకే. ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందేమో చూసి చెప్పమన్నాను.