చార్మినార్ పావలా చుట్టిన కాగితం

విజయవాడలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్. కోఠి దాకా ఆటో అడిగితే నూటయాభై అన్నాడు. ఆ కాస్త దూరానికి అంతా? ఒళ్లు మండి నడిచే వెళ్లాను.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను వెతికేది పుస్తకాలు కాదు, నాణేలూ కాదు. నాణేల లెక్కలకి అచ్చేసిన చిల్లర కాగితాలు. ఈ పిచ్చి తెనాలిలో మా తాతయ్య కిరాణా కొట్లో పట్టుకుంది. అక్కడ గోడకి 1957 నాటి నయాపైసల పట్టిక మైదాపిండితో అంటించి ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 64 పైసలు పోయి 100 నయాపైసలు వచ్చాయి. అణాకి 6, బేడకి, అంటే రెండణాలకి, 12, మూడణాలకి 19, పావలాకి 25. పాత పైసాకి 2. అణాకి నాలుగు పాత పైసలు కదా, అంటే పాత పైసా బెల్లం నాలుగుసార్లు కొన్నవాడు 8 నయాపైసలు ఇచ్చుకోవాలి, అదే బెల్లం ఒకేసారి అణాకి కొన్నవాడికి 6 చాలు. రోజు కూలీతో బతికేవాళ్లు ఒకేసారి ఎక్కడ కొంటారు? తాతయ్య వాళ్లకి చేతినిండా కొసరు వేసేవాడట. నేను చూసేనాటికి అణా వరస వేళ్ల రాపిడికి చెరిగిపోయింది. కొట్టుకి సున్నం వేయించినప్పుడు ఆ పట్టికని గీకేశారు. నేను పక్కనే ఉండీ ఆపలేదు.

మధ్యాహ్నం దాకా ఏమీ దొరకలేదు. ఎండ, ఆకలి, రెండు చాయ్‌లు. ఇక వెళ్దామనుకుంటుంటే, పాత నాణేలు పరుచుకున్న ఒకాయన ఎవరికో చూపించడానికి ఒక పొట్లం విప్పాడు. లోపల చార్మినార్ బొమ్మున్న వెండి పావలా. నా కళ్లు మాత్రం పొట్లం మీద పడ్డాయి. ఒక పక్క ‘హాలీ’, ఇంకో పక్క ‘కల్దారు’, కింద వరసగా అంకెలు. హాలీ అనే నిజాం సిక్కాని కల్దారు అనే ఇంగ్లీషు రూపాయల్లోకి మార్చే లెక్కల పుస్తకంలో ఆకు అది! ఏడు హాలీకి ఆరు కల్దార్లు. నూరు కల్దార్ల ఎదురుగా 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు (అణాకి 12 పైలు) అని ఉంది. మా వైపు పట్టిక ఒక్క రోజుతో మారిన లెక్కది. ఇక్కడివాళ్లు బెజవాడ సరుకు కొన్నప్పుడల్లా ఈ రెండు రూపాయల మధ్య లెక్క వేసుకునేవాళ్లన్నమాట.

“అన్నా, ఆ కాగితం ఎంత?”

“కాగితమా? గది చిత్తు సార్. నాణెం జూడుండ్రి, అసలు వెండి.”

“నాకు కాగితమే కావాలి.”

ఆయన నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. “నాణెం దీస్కుంటే కాగితం ఉత్తగనే ఇస్త.” పావలాకి తొమ్మిది వందలు చెప్పాడు. బేరమాడితే ఏడు వందల దగ్గర ఆగాడు. నాకు అక్కర్లేని పావలాకి ఏడు వందలు! ఇచ్చాను.

“ఈ పుస్తకం మిగతాది ఉందా?”

“ఇంటికాడ సగమున్నది. పొట్లాలకే చింపుతున్న.”

కాళ్లు చల్లబడ్డాయి. ఇంకొక్క ఆకు కూడా చింపొద్దని బతిమాలాను. అడ్వాన్సుగా రెండు వందలు చేతిలో పెట్టి నా ఫోన్ నంబర్ రాసిచ్చాను. ఆయన ఆ చీటీ కూడా మడిచి నాణేల డబ్బాలోనే వేశాడు.

తిరుగు బస్సులో ఆకుని డైరీలో సాపుచేసి చూసుకున్నాను. అంచున పెన్సిల్‌తో ఎవరో కూడికలు వేసుకున్నారు. ఒకచోట తప్పు కొట్టి మళ్లీ వేశారు. ఆ సరుకేమిటో, ఆ బాకీ ఎవరిదో. సూర్యాపేట దాటేసరికి వచ్చే శనివారం రాత్రికి టికెట్ చేసేశాను.