స్వెట్టర్ల అమలా ఊళ్లో మార్చి 10

గుంటూరులో చలి ఎక్కడిదని నవ్వుతారు గానీ, నవంబరు వచ్చిందంటే మా బస్టాండు రోడ్డు పక్కన తాళ్ల మీద స్వెట్టర్లు వేలాడాల్సిందే. నా చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మేవాళ్లను అందరం 'నేపాలీ వాళ్లు' అనేవాళ్లం. ఒకసారి మా అమ్మ బేరం మధ్యలో, "మీ నేపాల్లో చలి బాగా ఉంటుంది కదమ్మా" అంటే, ఆవిడ మడతపెడుతున్న స్వెట్టర్ ఆపి, "నేపాల్ కాదమ్మా, టిబెట్" అంది. "పోనీ టిబెట్లో ఎట్లా ఉంటుంది చలి?" అని మా అమ్మ వదల్లేదు. "నేను చూడలేదు" అంది ఆవిడ. దాంతో మా అమ్మ ఇంక బేరమాడలేకపోయింది. 'ఒకటే రేటు' అని బోర్డు ఎలాగూ ఉంది, అది వేరే సంగతి.

ఆవిడే అమలా. వాళ్ల భాషలో అమ్మగారూ అన్నట్టు. అక్టోబరులో లూథియానా వెళ్లి అప్పు మీద సరుకు ఎత్తడం, మూడు నెలలు మా ఊళ్లో అమ్మడం, సంక్రాంతి దాటాక బాకీ కట్టేసి లోసర్‌కి, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, ధర్మశాల చేరుకోవడం. ముప్పై ఏళ్లుగా ఆవిడ క్యాలెండర్ ఇదే. "మా ఊరు రా బాబూ" అని ఏటా అంటుంది, నేనూ ఏటా వస్తానంటాను. ఈసారి నిజంగానే టికెట్లు చూస్తున్నానని ఫోన్ చేస్తే ఒకటే షరతు పెట్టింది: "మే నెల వద్దు. మేలో వచ్చేవాళ్లు కొండలు చూడ్డానికి వస్తారు. నువ్వు మార్చి 10కి రా."

ఢిల్లీలో మజ్నూ కా టీలా దగ్గర రాత్రి బస్సు ఎక్కాను. దారిలో టైరు పంక్చరై రెండు గంటలు ఆగాం, తర్వాత ఘాట్ రోడ్డు మలుపుల్లో నా కడుపు నా మాట వినలేదు. ఇంతకు మించి ఆ ప్రయాణం గురించి చెప్పేదేమీ లేదు.

ధర్మశాల పైభాగమైన మెక్లియోడ్‌గంజ్‌లో దిగేసరికి ధౌలాధార్ కొండల మీద మంచు తెల్లగా మెరుస్తోంది. అమలాది రోడ్డు వారగా కిందికి దిగితే వచ్చే ఒక గది, ఒక వంటిల్లు. వెళ్లగానే ఉప్పు, వెన్న వేసిన టీ ఇచ్చింది. టీ అనుకుంటే దిగదు. చారు అనుకుని తాగాను, బాగుంది. గోడకి దలైలామా ఫొటో, దాని కింద వాళ్లమ్మ ఫొటో. మంచం మీద గుట్టగా చేతి జెండాలు. రెండు మంచు సింహాలు, వెనక తెల్లటి కొండ, సూర్యుడు, ఎరుపు నీలం కిరణాలు. ఒక్కొక్కటీ ఇస్త్రీ చేసి స్వెట్టర్లు వచ్చే ప్లాస్టిక్ కవర్లలో పెడుతోంది. రేపు పొద్దున వాన పడొచ్చట.

1959 మార్చి 10న టిబెట్ రాజధాని లాసాలో జరిగింది అమలాకి వాళ్లమ్మ చెప్పిన మాటల్లోనే తెలుసు. చైనా సైనిక శిబిరంలో నాటక ప్రదర్శన ఉంది రమ్మని దలైలామాని పిలిచారు, అంగరక్షకుల్ని మాత్రం తీసుకురావద్దన్నారు. ఆయనకి అప్పుడు 23 ఏళ్లు. ఎత్తుకుపోతారన్న భయంతో జనం వేలల్లో వచ్చి ఆయన ఉన్న నోర్బులింకా రాజభవనం చుట్టూ కూడారు, బయటికి వెళ్లనివ్వలేదు. 12న ఆడవాళ్లు వేరుగా పోతలా రాజభవనం కింద గుమిగూడారు. 17 రాత్రి ఆయన మామూలు సైనికుడి వేషంలో తప్పించుకుని, మార్చి 31న తవాంగ్ వైపు నుంచి మన దేశంలో అడుగుపెట్టారు. వెనకాలే వేల మంది నడిచొచ్చారు. వాళ్లలో చాలామందికి మనవాళ్లు చూపించిన పని హిమాలయాల్లో రోడ్లు వేయడం. అమలా పుట్టింది కులూ వైపు రోడ్డు కూలీల గుడారంలో. "మా అమ్మ రాళ్లు కొడుతుంటే నేను వీపు మీద ఉండేదాన్ని" అంది, ఇస్త్రీపెట్టె మీది నుంచి చూపు తిప్పకుండా.

పొద్దున నిజంగానే సన్నగా వాన. ప్రధాన ఆలయం సుగ్లాగ్‌ఖాంగ్ ఆవరణ తొమ్మిదింటికే నిండిపోయింది. ఛుపాలు, అంటే టిబెటన్ల సంప్రదాయ దుస్తులు, కట్టిన ఆడవాళ్లు, మెరూన్ రంగు భిక్షువులు, బడిపిల్లలు, మధ్యలో గొడుగులు. నా పక్కన కూర్చున్న ముసలి భిక్షువు ఏ ఊరని హిందీలో అడిగారు. గుంటూరు అంటే తెలియలేదు. అమరావతి అన్నాను. వెంటనే చేతులు జోడించారు, నాకే సిగ్గేసింది. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర అనే బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు ఈ భిక్షువు మా కృష్ణ ఒడ్డున పది రోజులకు పైగా ఉన్నారట. బుద్ధుడు కాలచక్ర బోధించింది ధాన్యకటకంలోనే, అంటే అమరావతి పక్కనున్న మా ధరణికోటలోనే అని వాళ్ల నమ్మకం. లాసా దగ్గరి పెద్ద మఠం డ్రేపుంగ్‌కి ఆ పేరు రావడం కూడా దాని మీదనేనని చెప్పారు. డ్రేపుంగ్ అంటే బియ్యపు రాశి. ధరణికోట పక్కన పెరిగిన నాకు ఈ సంగతి హిమాచల్లో తెలిసింది!

జెండా ఎగరేశారు, టిబెట్ జాతీయగీతం పాడారు, ఒక నిమిషం మౌనం. తర్వాత ప్రకటనలు, టిబెటన్‌లో, చాలాసేపు. 2011 వరకూ ఈ రోజు ప్రకటన దలైలామాదే. ఆ ఏడాది ఆయన రాజకీయ బాధ్యతలు వదులుకున్నాక ఎన్నికైన నాయకత్వం తరఫున చదువుతున్నారు. మన ఆగస్టు 15 స్కూలు ప్రసంగాల్లాగే, ముందు వరస పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయారు. పెద్దవాళ్లు లేపలేదు. కొందరి చేతుల్లో ఫొటోలున్నాయి. టిబెట్ లోపల 2009 నుంచి 150 మందికి పైగా చైనా పాలనకి నిరసనగా నిప్పంటించుకున్నారు. ఆ మొహాల్లో చాలావరకు నాకంటే చిన్నవాళ్లవే.

విదేశీయులు కూడా బాగానే ఉన్నారు. కాసేపు ఒక జర్మన్ పెద్దావిడతో మాట్లాడాను. వాళ్ల దేశంలో మార్చి 10న వందలాది ఊళ్ల పురపాలక భవనాల మీద టిబెట్ జెండా ఎగురుతుంది. వాళ్ల చిన్న ఊళ్లో ఆ పని ఈవిడదట. జనవరిలోనే మేయర్‌కి ఉత్తరం రాయాలి, ఫిబ్రవరిలో ఫోన్ చేసి గుర్తు చేయాలి. మేయర్ మారితే టిబెట్ ఎక్కడుందో దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. "జెండా ఎగిరేది ఒక్కరోజు, నేను ఫోన్లు చేసేది రెండు నెలలు" అని నవ్వింది. మీ ఊళ్లో ఏం చేస్తారని అడిగింది. మేం స్వెట్టర్లు కొంటాం అని చెప్పాను. ఇంకేం చెప్పను?

తర్వాత ఊరేగింపు, కొండ దిగి కింది ధర్మశాల దాకా. అమలా నాకు ఒక జెండా ఇచ్చి, "చూడ్డానికి వచ్చావా, నడవడానికి వచ్చావా? నడువు బాబూ" అంది తెలుగులో. చుట్టూ ఉన్నవాళ్లు ఆ భాషేమిటా అని చూశారు. "బో గ్యాలో" అంటే టిబెట్‌కి జయం అని అర్థం, అది త్వరగానే పట్టుబడింది. హిందీ నినాదం "తిబ్బత్ కీ ఆజాదీ, భారత్ కీ సురక్షా" అయితే నా గొంతు ఇంకాస్త లేచింది.

అయితే అందరూ ఒకటే అడగట్లేదు. ధర్మశాలలో ఉన్న టిబెటన్ల ప్రవాస ప్రభుత్వం పాటించేది 'మధ్యేమార్గం', చైనాలోనే ఉంటూ అసలైన స్వయంపాలన. కుర్రవాళ్లలో చాలామంది అరిచేది మాత్రం 'రంగ్‌జెన్', పూర్తి స్వాతంత్ర్యం. ఒకే వరసలో రెండూ వినిపిస్తుంటే ఎవరూ ఎవరినీ ఆపలేదు. అమలాని అడిగితే, "ఇంట్లో కొట్టుకుంటాం, రోడ్డు మీద కలిసి నడుస్తాం" అని నాకంటే వేగంగా దిగిపోయింది.

గాలికి నా జెండా మాటిమాటికీ కర్రకి చుట్టుకుపోయేది. నేను పట్టించుకోలేదు. వెనకాల నడుస్తున్న ఎనభై ఏళ్ల అవ్వ మాత్రం ప్రతిసారీ చెయ్యి చాపి, గుడ్డ కొస పట్టుకుని విప్పి, సింహాల మొహం బయటికి వచ్చేలా సర్దేది. ఒక్క మాట లేదు, చిరాకూ లేదు. నాలుగోసారికి బుద్ధి వచ్చి ఆ కొసని బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. అవ్వ నా భుజం తట్టి ముందుకెళ్లిపోయింది.

మధ్యలో అమలా ఫోన్ మోగింది. టొరంటోలో ఉన్న కూతురు, వీడియో కాల్. ఇక్కడ పదకొండు దాటింది, అక్కడ అర్ధరాత్రి దాటి పదో తేదీ ఇప్పుడే మొదలైంది. వాళ్ల ఊరేగింపు తెల్లారాక. ఎనిమిదేళ్ల మనవడు నిద్రపోకుండా కొత్త ఛుపా వేసుకుని చూపిస్తున్నాడు. నడుం కట్టు వదులుగా కట్టారని అమలా రోడ్డు మీద నిలబడే కూతుర్ని కోప్పడింది. తర్వాత వాణ్ని జాతీయగీతం పాడమంది. రెండో చరణం దగ్గర వాడు ఆగిపోతే, ఈవిడ అందించింది. పక్కన నడుస్తున్న ఇద్దరు ముగ్గురు కూడా అందుకున్నారు. వాడు ఇంగ్లీషులో ఏదో గొణిగి తల్లి వెనక దాక్కున్నాడు. తన ఇరుగుపొరుగు పిల్లల్లో సగం మంది ఇప్పుడు టొరంటోలో, న్యూయార్క్‌లో, పారిస్‌లో ఉన్నారని అమలా చెప్పింది. సంతోషంగా చెప్పిందో బాధగా చెప్పిందో నాకు తెలియలేదు.

సాయంత్రం గదిలో థుక్పా, అంటే నూడుల్స్ సూప్, తాగుతూ కూర్చుంటే ఆవిడ జెండాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు ఇచ్చింది, ఇరవై రెండు తిరిగొచ్చాయి. ఒకటి తన చేతిలో పెట్టమని ఆ జర్మన్ ఆవిడ అడిగి తీసుకుందట. ఇంకోటి నేను ఇవ్వలేదని గుర్తొచ్చి జాకెట్ జేబులోంచి తీశాను. కొసన నా బొటనవేలి మురికి మరక.

"ఉంచుకో" అంది. చేతిలోంచి తీసుకుని, వానకి తడిసిన మడతలు అరచేత్తో సాఫు చేసి, కవర్లో దూర్చి ఇచ్చింది. "నవంబర్లో వస్తా కదా, అప్పుడు చూస్తా, ఉందో పారేశావో." కవర్ మీద లూథియానా వాళ్ల ఎక్స్‌ఎల్ స్టిక్కర్ అలాగే ఉంది.