కారు అడ్వాన్స్ వెనక్కి వచ్చింది
కారు నచ్చింది, అడ్వాన్స్ ఇచ్చేశాను, తీరా కాగితాలు చూస్తే దాని మీద పాత లోన్ ఇంకా తీరలేదు. వద్దన్నాను. అప్పటిదాకా ఎంతో మర్యాదగా మాట్లాడిన డీలర్ అడ్వాన్స్ తిరిగివ్వడం కుదరదనేశాడు. రెండు రోజులు నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. మనమే మనసు మార్చుకుని వద్దంటే సంగతి వేరు, కారు మన కోసం ఆపి ఉంచినందుకు కొంత పట్టుకుంటామని వాళ్లు అనొచ్చు, కానీ ఇక్కడ లోన్ సంగతి దాచింది ఆయన. అదృష్టం కొద్దీ డబ్బు బ్యాంకు ద్వారానే పంపాను, పంపే ముందే "లోన్ ఉంటే కొనను, మొత్తం తిరిగివ్వాలి" అని మెసేజ్ పెడితే ఆయన సరే అని జవాబిచ్చాడు కూడా. ఇక ఫోన్లు చేయడం మానేసి, ఆ మెసేజ్, బ్యాంకు రసీదు జతచేసి, 10 రోజుల్లో ఇవ్వకపోతే ఫిర్యాదు చేస్తానని ఈమెయిల్ రాశాను. 8వ రోజు మొత్తం డబ్బు ఖాతాలో పడింది.