6/6 వచ్చింది, అయినా పేజీ చదవలేకపోయేది

మా చిన్నదానికి పదేళ్ళు. ఏడాదిన్నర నుంచీ చూస్తున్నా, పుస్తకం ముందు కూచుంటే చాలు తల ఒక పక్కకి వాల్చేసి, ఎడమ కన్ను మీద అరచెయ్యి పెట్టుకుని చదివేది. చెయ్యి తీయమంటే తీసి జుట్టు లాగి ఆ కంటి మీద వేసుకునేది. నేను కసిరేదాన్ని, నిటారుగా కూచో, రెండు కళ్ళతో చదువు అని. పావుగంట అయ్యేసరికి నుదురు నొప్పి అనేది, చదివిన లైనే మళ్ళీ చదివేది, మధ్యలో ఒక లైన్ ఎగిరిపోయేది. అదే నేను పక్కన కూచుని చదివి వినిపిస్తే ఒక్క ముక్క పోకుండా తిరిగి చెప్పేది, మరి తెలివి లేక కాదు కదా!

కళ్ళు టెస్ట్ చేయించలేదా అంటే చేయించాం, రెండుసార్లు. రెండుసార్లూ 6/6 వచ్చింది, చూపు బ్రహ్మాండంగా ఉంది, చదవడానికి బద్ధకమేమో అన్నారు. నేను అది నమ్మి ఇంకో ఆరు నెలలు దాన్ని తిట్టాను. ఆ ఆరు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది, అందుకే ఇదంతా కూచుని రాస్తున్నా.

ఆ గోడ మీద అక్షరాల చార్ట్ 1862లో స్నెల్లెన్ అనే డచ్ డాక్టర్ తయారుచేసినది. ఆరు మీటర్ల దూరం నుంచి కదలకుండా ఉన్న నల్లటి అక్షరాన్ని, ఒక కన్ను మూసి, రెండో కన్ను ఎంత చిన్న సైజు దాకా గుర్తుపడుతుందో చూస్తారు. తన పని అది బాగానే చేస్తుంది, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. కానీ చదువుకునేటప్పుడు పిల్ల ఏం చేస్తోంది? రెండు కళ్ళూ తెరిచి, ముప్పై నలభై సెంటీమీటర్ల దూరంలో ఉన్న చిన్న అక్షరాల మీద, గంటసేపు. ఒక కన్ను మూసి చేసిన పరీక్షలో రెండు కళ్ళ పొత్తు ఎలా బయటపడుతుంది? ఈ చిన్న విషయం నాకు ముందే తట్టి ఉంటే బావుండేది.

అసలు ఈ పొత్తు ఎంత కష్టమైన పనో నాకప్పటిదాకా తెలీదు. ఒక్కో కంటికి ఆరు కండరాలు, మొత్తం పన్నెండు, వాటిని నడిపేవి మెదడు నుంచి వచ్చే మూడు జతల నరాలు. దగ్గరి వస్తువుని చూడాలంటే రెండు కళ్ళూ ముక్కు వైపు తిరగాలి, అదే సమయంలో లోపలి లెన్స్ ఫోకస్ మార్చుకోవాలి, కనుపాప కూడా చిన్నదవ్వాలి, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. దానికి తోడు చదివేటప్పుడు కళ్ళు జారుతూ పోవు, గెంతుతూ పోతాయి, ఒక్కో చోట సెకనులో పావు వంతు ఆగి మళ్ళీ గెంతుతాయి. ప్రతి గెంతుకీ రెండు కళ్ళూ ఒకే అక్షరం మీద వాలాలి. వాలకపోతే మెదడుకి రెండు బొమ్మలు వెళ్తాయి, అప్పుడది రెండుగా అన్నా చూపిస్తుంది, లేదంటే ఒక కంటి బొమ్మని పట్టించుకోవడం మానేస్తుంది. మా చిన్నది చెయ్యి అడ్డం పెట్టుకున్నది అందుకే, రెండో బొమ్మ వదిలించుకోవడానికి.

మూడోసారి వెళ్ళింది బైనాక్యులర్ విజన్, అంటే రెండు కళ్ళూ కలిసి ఎలా చూస్తున్నాయో పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్ట్ (చూపు పరీక్షించే నిపుణులు) దగ్గరికి. గంట పైనే పట్టింది. ముందు పదిహేను ప్రశ్నలు అడిగారు, చదువుతుంటే అక్షరాలు కదులుతాయా, నిద్ర వస్తుందా, లైన్ తప్పిపోతావా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, పిల్లల్లో మొత్తం 16 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అనుమానించాలట. మాదానికి 34.

తర్వాత చిన్న అక్షరం చూడమని, ఒక నల్లటి అట్టతో ఒక కన్ను మూసి, తీసి, ఇంకోటి మూసి చూశారు. మూసిన కన్ను అట్ట వెనకాల బయటకి జారుకుంటోంది, అట్ట తీయగానే లోపలికి వచ్చి సర్దుకుంటోంది. దూరం చూసేటప్పుడు దాదాపు లేదు, దగ్గర చూసేటప్పుడే బాగా ఉంది. మెల్లకన్ను అంటే పైకి కనిపిస్తుందని అనుకునేదాన్ని, ఇది అలా కాదు, మామూలప్పుడు మెదడు బలవంతంగా లాగిపట్టి ఉంచుతుంది, అందుకే ఎన్నేళ్ళు మొహం చూసినా మనకి తెలీదు.

ఇక పుల్ల పరీక్ష. ఒక పుల్ల చివర చిన్న బొమ్మ, దాన్ని దూరం నుంచి నెమ్మదిగా ముక్కు దగ్గరికి తెచ్చారు, రెండుగా కనిపించగానే చెప్పు తల్లీ అని. మామూలుగా ఆరు సెంటీమీటర్ల లోపు దాకా రెండు కళ్ళూ దాన్ని పట్టుకునే ఉండాలి. నేను పక్కనే కూచుని చూస్తున్నా, పదిహేను దగ్గరికి వచ్చేసరికి కుడి కన్ను అలాగే ఉంది, ఎడమది ఒక్కసారి వణికి చెవి వైపు వెళ్ళిపోయింది. నా కళ్ళతో నేను చూశాను. ఎన్ని కనిపిస్తున్నాయమ్మా అంటే రెండు అంది. పుస్తకంలో కూడా ఇలా అవుతుందా అంటే, అవును, కాసేపు చదివాక అన్నీ ఇలాగే కదా అంది, అదేదో అందరికీ ఉండేదే అన్నట్టు. నాకు నోట మాట రాలేదు.

ఇంకా చాలా చేశారు, ప్రిజమ్‌ల పట్టీ పెట్టి కళ్ళు ఎంతవరకు లోపలికి లాగగలవో కొలిచారు, ప్లస్ రెండు మైనస్ రెండు లెన్సులు తిప్పుతూ నిమిషంలో ఎన్నిసార్లు ఫోకస్ మార్చగలదో లెక్కపెట్టారు, త్రీడీ బొమ్మలు చూపించారు. ఎరుపు ఆకుపచ్చ కళ్ళజోడు పెట్టి నాలుగు చుక్కల దీపం చూపించే టెస్ట్ ఒకటుంది, నాలుగు కనిపిస్తే రెండు కళ్ళూ కలిసి పనిచేస్తున్నట్టు, రెండో మూడో కనిపిస్తే ఒక కన్నుని మెదడు ఆపేసినట్టు, ఐదు కనిపిస్తే రెండుగా చూస్తున్నట్టు. మాదానికి దూరంలో నాలుగే, దగ్గర పెడితే కాసేపు నాలుగు, ఆ తర్వాత ఐదు.

దీని పేరు కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ, అంటే దగ్గర చూసేటప్పుడు రెండు కళ్ళూ కావలసినంత లోపలికి తిరగలేకపోవడం. ట్రీట్‌మెంట్ వ్యాయామాలే. దీని మీద 2008లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందిని 12 వారాలు చూశారు, క్లినిక్‌లో థెరపీ చేయించి ఇంట్లో కూడా చేసినవాళ్ళలో 73 శాతం మందికి తగ్గడమో మెరుగుపడటమో జరిగింది, ఇంట్లో పెన్సిల్ వ్యాయామం (పెన్సిల్‌ని నెమ్మదిగా ముక్కు దగ్గరికి తెస్తూ చూడటం) ఒక్కటే చేసినవాళ్ళలో 43, ఉత్తుత్తి థెరపీ చేసినవాళ్ళలో 35. ఇది చదివాకే నేను ఒప్పుకున్నా. అలాగని ఇంకో మాట కూడా చెప్పాలి, 2019లో వచ్చిన ట్రయల్‌లో ఈ థెరపీ వల్ల చదివింది అర్థం చేసుకోవడం ఉత్తుత్తి థెరపీ కంటే ఎక్కువేమీ పెరగలేదని తేలింది. డిస్లెక్సియాకి, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే సమస్యకి, ఇది మందు కాదు. కళ్ళ వ్యాయామాలతో మార్కులు పెరుగుతాయి, చదువు వచ్చేస్తుంది అని ఎవరన్నా చెప్తే దయచేసి డబ్బు కట్టకండి. ఇది తగ్గించేది తలనొప్పిని, రెండుగా కనపడటాన్ని, అలసటని. మాకు కావలసింది కూడా అదే.

ఇంట్లో చేసేవాటిలో నాకు బాగా నచ్చింది బ్రాక్ స్ట్రింగ్. పొడుగాటి దారం, మూడు రంగుల పూసలు, ఒక చివర తలుపు గొళ్ళేనికి కట్టి రెండో చివర ముక్కు కొనకి ఆనించుకోవాలి. ఒక పూసని చూస్తే పూస ఒకటిగా, దారం మాత్రం రెండు దారాలై ఆ పూస దగ్గర కలుసుకున్నట్టు కనపడాలి. ఒకే దారం కనపడితే ఒక కన్ను నిద్రపోయినట్టే. నేను కూడా చేసి చూశా, మన మెదడు లోపల ఏం చేస్తోందో ఒక దారం మీద కనపడటం ఎంత ఆశ్చర్యంగా ఉందో. మొదటి వారం దగ్గరి పూస దగ్గర చిన్నది ఏడ్చేసింది, ఎంత చూసినా రెండు పూసలే అమ్మా అని. పూసని కాస్త దూరం జరిపి మొదలుపెట్టాం, రోజుకి ఒక వేలు మందం దగ్గరికి.

పెద్దవాళ్ళకీ ఇది ఉంటుంది, తలకి దెబ్బ తగిలాక అయితే మరీ. ఆ దెబ్బ తర్వాత స్క్రీన్ చూడలేకపోవడం, చదవలేకపోవడం ఉంటే ఈ పరీక్ష అడగండి. కానీ ఉన్నట్టుండి రెండుగా కనపడటం మొదలైతే, దానితో పాటు భరించలేని తలనొప్పో, కనురెప్ప వాలిపోవడమో, మాట తడబడటమో ఉంటే వ్యాయామాలూ గీయామాలూ అనుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఒక కన్ను మూసి చూసుకోండి, ఏ కన్ను మూసినా ఒకటే కనపడితే సమస్య రెండు కళ్ళ పొత్తులో ఉన్నట్టు, ఒక కన్ను మూసినా ఇంకా రెండుగానే ఉంటే ఆ తెరిచి ఉన్న కంటిలోనే ఏదో ఉన్నట్టు. డాక్టర్‌కి ఈ ఒక్క ముక్క చెప్తే చాలా పని తేలికవుతుంది.

ఇప్పుడు తొమ్మిదో వారం. పోయినసారి కొలిస్తే పదిహేను కాస్తా ఎనిమిది సెంటీమీటర్లకి వచ్చింది, ఇంకా రెండు తగ్గాలి. నిన్న రాత్రి తలుపు సందులోంచి చూశా, మంచం మీద బోర్లా పడుకుని చదువుకుంటోంది, రెండు చేతులూ పుస్తకం మీదే ఉన్నాయి.